అరవై ఏడు డిగ్రీలు

మా అమ్మాయి రష్మి పురిటికని అమెరికాలో బాతెల్ వెళ్ళినదాన్ని, ఆ వేసవిలో సగం మా అల్లుడుగారి గరాజ్‌లో గడిపి వచ్చాను. ఈ మాట మావాళ్ళెవరితోనూ చెప్పలేదు. అమెరికా ఎలా ఉంది కనకదుర్గా అని అడిగినవాళ్ళకి, చెట్లు బాగున్నాయి, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ చీకటి పడదు అని చెప్పి ఊరుకున్నాను.

మా అల్లుడి పేరు భానుప్రకాష్. సాఫ్ట్‌వేర్. మనిషి మెత్తన. గొంతెత్తి మాట్లాడడు, కంచంలో మెతుకు వదలడు. పెళ్ళయిన ఆరేళ్ళలో మా రష్మిని ఒక్క మాట అన్నట్టు వినలేదు. అయినా మొదటినుంచీ అతనంటే నాకు చులకనే. గోడకి మేకు కొట్టాలంటే ముందు వీడియో చూసే మగాణ్ణి అతన్నే చూశాను. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా, "నీ మొగుడికి ఏ పనీ ఒక పట్టాన చేతకాదే" అని రష్మితో అంటూనే ఉండేదాన్ని. ఎదురుపడితే మాత్రం "అల్లుడుగారూ, మీరు" అనేదాన్ని. 'గారు' తగిలించి మనిషిని తీసిపారెయ్యడం మా వైపు ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేని విద్య.

పాప జూన్ రెండోవారంలో పుట్టింది, డాక్టరు చెప్పిన రోజుకి మూడు వారాలు ముందుగా. చేతిలో పెడితే బరువే తెలియలేదు. భానుకి కంపెనీవాళ్ళు పన్నెండు వారాలు సెలవిచ్చారు, బిడ్డని చూసుకోమని. తండ్రికి పురిటి సెలవేమిటని నవ్వుకున్నాను గానీ, పోన్లే, రష్మికి కాస్త సాయంగా ఉంటాడనుకున్నాను. వాళ్ళు ఆస్పత్రి నుంచి వచ్చిన నాలుగోరోజు నుంచీ గుమ్మంలోకి అట్టపెట్టెలు రావడం మొదలైంది. డైపర్లేమో అని నేనే లోపలికి లాగాను. విప్పితే స్టీలు గంగాళం. మర్నాడు ఇంకోటి. ఆ వారంలోనే మూడోది. వాటి వెనకే రాగి గొట్టం చుట్ట, పంపు, వాల్వులు, వైర్లు.

"ఏమిటే ఇవన్నీ?" అని రష్మిని అడిగాను.

అది పాపకి పాలిస్తూ కళ్ళు తెరవకుండానే చెప్పింది. "బీర్ చేస్తాడటమ్మా. ఎప్పుడో ఆర్డర్ చేశాడు, ఇప్పుడొస్తున్నాయి."

"ఇంట్లోనా?"

"గరాజ్‌లో."

"నువ్వు ఊరుకున్నావా?"

"పాప పడుకున్నప్పుడు చేసుకుంటానన్నాడు. చేసుకోనీ అమ్మా."

రెండు కార్లూ బయటికి పోయాయి. వాటి చోట ఓ ఇనపబల్ల వచ్చింది. బల్లమీద మూడు గంగాళాలు, గోడకి తెల్లబోర్డు, దానిమీద రంగురంగుల బాణాలు. ప్రతి గొట్టానికీ పేరు రాసిన చీటీ. మా అల్లుడుగారికి నల్ల ఏప్రన్, నల్ల తొడుగులు. శనివారాలు ఉమాకాంత్ అని స్నేహితుడొకడు వచ్చేవాడు. నల్లగొండ వైపు అబ్బాయి, నాలుగు వీధుల అవతల ఇల్లు. ఇద్దరూ కలిసి సీసాలకి అంటించే బొమ్మ కూడా గీయించారు. ఆస్పత్రి కాగితాల్లో ఏదో రాయించారు గానీ, పాపకి పిలిచే పేరింకా తేలలేదు. పుట్టని బీరుకి మాత్రం 'బాతెల్ మబ్బు' అని పేరు పెట్టేశారు.

ఓరోజు ఖాళీ అట్టపెట్టెలు పడేద్దామని వెళితే భాను నన్ను నిలబెట్టి వివరించాడు.

"కొంచెం కాంప్లెక్స్ అత్తయ్యగారూ, సింపుల్‌గా చెప్తాను. ఇది మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. మరపట్టి వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే ఇందులో ఉన్న పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యనీళ్ళే తర్వాత పులిసి బీర్ అవుతాయి. కానీ ఆ గంటసేపూ టెంపరేచర్ అరవై ఏడు డిగ్రీలు ఉండాలి. పెరగకూడదు, తగ్గకూడదు. అందుకని అడుగునుంచి ఆ నీళ్ళని పంపుతో లాగి, వేడినీళ్ళలో ముంచిన ఈ రాగి చుట్టలోంచి పంపి, మళ్ళీ గింజల మీద పోస్తాం. అలా తిరుగుతూనే ఉంటుంది."

"ఓహో" అన్నాను.

"మీరు డైరీలో చేశారు కదా. పాలు కాచినట్టే అనుకోండి."

పాలు కాచినట్టు! తెనాలి అవతల ఒక పాల డైరీలో ఇరవై తొమ్మిదేళ్ళు చేశాను నేను. అందులో పంతొమ్మిదేళ్ళు పాశ్చరైజేషన్ సెక్షన్లో. గంటకి పదివేల లీటర్ల పాలని డెబ్బై రెండు డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు నిలిపి, వెంటనే నాలుగు డిగ్రీలకి దింపే మిషను నా చేతికింద నడిచేది. నేను చెయ్యెత్తితే నలుగురు మగాళ్ళు వాల్వులు తిప్పేవాళ్ళు. ఈయనగారు నేను కౌంటర్లో కూర్చుని ప్యాకెట్లు అమ్మాననుకున్నట్టున్నారు. నేనూ చెప్పలేదు. బల్లమీది గొట్టాల మేళాన్ని ఓసారి పైనుంచి కిందిదాకా చూశాను. వాల్వు పంపుకి ముందు పెట్టాడు. పంపు నీటిమట్టానికి పైన బిగించాడు. వేడి చూసే సూదిని, తియ్యనీళ్ళు చుట్టలోంచి బయటికొచ్చే చోట కాకుండా, వేడినీళ్ళ గంగాళంలో పెట్టాడు. మూడు తప్పులు. పడనీ అనుకుని, లోపలికి పోయి పాపకి ఒంటికి రాసే నూనె వెచ్చచేశాను.

పడ్డాడు. ఉత్త నీళ్ళతో చేసిన మొదటి పరీక్షలో పంపు గాలిపట్టి గురకపెట్టింది. రెండోసారి వేడి డెబ్బై ఆరుకి ఎగిరి, అక్కణ్ణుంచి యాభై తొమ్మిదికి పడింది. జూలై మొదటి శనివారం ధైర్యం చేసి గింజలు వేశారు. పావుగంటలో గింజలన్నీ అడుగున జల్లెడకి సిమెంటులా పట్టేశాయి. నీళ్ళు దిగవు, పంపు ఉత్తినే తిరుగుతుంది. ఇద్దరు ఇంజనీర్లు గంజిగంగాళంలోకి తొంగిచూస్తూ నిలబడ్డారు.

"ఊక ఎయ్యాల్నంట బ్రో" అన్నాడు ఉమాకాంత్ ఫోన్ చూసుకుంటూ. "వడ్ల ఊక కలిపితే మధ్యల సందులుంటయంట. నీళ్ళు మంచిగ దిగుతయంట."

రెండ్రోజుల్లో ఊక వచ్చింది. తళతళలాడే సంచీలో, జిప్పుతో, పైన బొమ్మతో. మా ఊళ్ళో రైసుమిల్లు వెనక గుట్టలు పోసి, పట్టుకుపోండి మహాప్రభో అని బతిమాలే ఊక! ఆ సంచీ చేత్తో పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. భాను కూడా నవ్వాడు, నేను దేనికి నవ్వుతున్నానో తెలియక.

ఊక వేసినా అరగంటకి మళ్ళీ పట్టేసింది. ఇక నావల్ల కాలేదు.

"అల్లుడుగారూ, వాల్వు పంపుకి ముందెవరైనా పెడతారా? పీల్చే దారి నొక్కేస్తే అదేం పీలుస్తుంది, నా మొహం! పంపు దాటాక పెట్టి అక్కడ నొక్కండి. నిదానంగా లాగితే గింజలు బిగుసుకోవు. పంపుని కిందికి దించండి. ఆ సూది అక్కడ కాదు, ఇక్కడ ఉండాలి."

ఇద్దరూ తిరిగి నావైపు చూశారు.

"మీరేం జాబ్ చేసేటోళ్ళు ఆంటీ?" అన్నాడు ఉమాకాంత్.

"పాలు కాచేదాన్ని. ఆ స్పానర్ ఇటివ్వు."

ఆ రోజునుంచీ గరాజ్ నాదైంది. రిటైరై నాలుగేళ్ళు. పంపు చప్పుడు విని నాలుగేళ్ళు. పైపులన్నీ విప్పించాను. మూలలు తగ్గించి, గొట్టాలు పొట్టిచేసి మళ్ళీ బిగించాను. కడగడం చేతకానివాడు కాచకూడదని చెప్పి, చాకలిసోడా కలిపిన వేడినీళ్ళు అరగంట తిప్పించి, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగించాను. ఒక వాల్వు మరలో పిసరంత మడ్డి కనబడితే ఉమాకాంత్‌ని నిలబెట్టి కడిగేశాను. పాపం ఆ పిల్లాడికి నేనంటే హడలు పుట్టింది. మా అల్లుడుగారికి మాత్రం సిగ్గే లేదు. నేనెంత విదిలించినా, "కరెక్టే అత్తయ్యగారూ" అంటూ నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. అతనికి పని నేర్పుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అతనికి రాదని అతనికి తెలిసేలా చెయ్యడమే నాకు పండగ.

ఇంకోటి. లోపల పాప కిక్కుమంటే చాలు, చేతిలో ఏమున్నా వదిలేసి పరిగెత్తేవాడు. సగం బిగించిన నట్టు సగంలోనే. ఇలాంటివాడు ఏ పని పూర్తిచేస్తాడని పెదవి విరిచేదాన్ని.

రష్మి అప్పుడప్పుడూ గుమ్మంలోకొచ్చి నిలబడేది. జుట్టు రేగిపోయి, భుజమ్మీద పాల మరకలతో.

"అమ్మా, కాస్త పాపని పట్టుకుంటావా? తలస్నానం చేసొస్తాను."

"భాను పట్టుకుంటాడులే. వెళ్ళండి అల్లుడుగారూ, ఇక్కడ మీరు చెయ్యగలిగిందేం లేదు."

అతను వెళ్ళేవాడు. అది నావైపు ఓ క్షణం చూసి లోపలికి పోయేది. జూలై అంతా అలాగే నడిచింది. పొద్దున పాపకి నీళ్ళు పోసేదాన్ని, వంట చేసేదాన్ని, పదకొండు కొట్టేసరికి గరాజ్‌లో ఉండేదాన్ని. బీరంటే నాకేమీ మోజు లేదు. ఆ వాసనే పడదు. కానీ అరవై ఏడంటే అరవై ఏడు దగ్గర నిలబెట్టి చూపించకుండా ఆ ఊరు వదలకూడదనిపించింది.

నెలాఖరు శనివారం ముహూర్తం పెట్టుకున్నాం. ఆ వారమంతా బాతెల్‌లో ఎండలు మండిపోతున్నాయి. గరాజ్ తలుపు సగం ఎత్తి, ఉదయం పదింటికి గింజలు, ఊక కలిపి నీళ్ళలో పోశాం. పంపు వేశాను. గాలి పోయేదాకా ఆగి, వాల్వు వెంట్రుకవాసి తిప్పాను. రాగి చుట్టలోంచి తేనెరంగు నీళ్ళు సన్నగా వచ్చి గింజల మీద పడ్డాయి. అరవై ఆరు. అరవై ఆరున్నర. అరవై ఏడు. అక్కడే నిలబడింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఇరవై. ఉమాకాంత్ వీడియో తీస్తున్నాడు. భాను గంగాళం పైన గొట్టం కదలకుండా పట్టుకున్నాడు. గరాజంతా ఉడికే జావ వాసన. కళ్ళు ఆ అంకె మీంచి తియ్యబుద్ధి కాలేదు నాకు.

"అమ్మా." రష్మి గొంతు. "పాప ఒళ్ళు కాలుతోంది. పొద్దున్నుంచీ సరిగ్గా పాలు పట్టట్లేదు."

"ఎండకే. కిటికీలు మూసుకుని కూర్చుంటే కాలదూ? తడిగుడ్డ పెట్టి తుడువు. పది నిమిషాల్లో వస్తాను. ఇప్పుడు వదిలితే గింజలు బిగుసుకుపోతాయి."

తల తిప్పకుండానే అన్నాను.

భాను చేతిలో గొట్టం వదిలేశాడు. అది పాములా లేచి, నేలమీదా బల్లమీదా తియ్యనీళ్ళు చిమ్మింది. నా కాలిమీద కూడా పడ్డాయి. "అయ్యో, గొట్టం!" అని అరిచాను. అతను అప్పటికే గుమ్మం దాటాడు. తిట్టుకుంటూ గొట్టం అందుకుని మళ్ళీ గంగాళం అంచుకి తగిలించాను. అరవై ఏడు కాస్త తగ్గి, మళ్ళీ కుదురుకుంది.

కాసేపటికి వాకిట్లో కారు కదిలిన చప్పుడు. ఉమాకాంత్ అటు పరిగెత్తి, తిరిగొచ్చాడు.

"ఆంటీ, నూటొకటి ఉన్నదంట. ఇంత చిన్నపిల్లకు జ్వరమొస్తే ఒక్క నిమిషం సుత ఆగొద్దన్నరంట డాక్టర్లు ఫోన్ల. హాస్పిటల్‌కి పోయిండ్రు." తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. "మిమ్మల్ని నేను దింపుత. ఇది బంద్ చేద్దామా?"

గోడ గడియారం వైపు చూశాను.

"ఇంకా పదహారు నిమిషాలుంది" అన్నాను.

ఉమాకాంత్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం చెరోపక్క నిలబడ్డాం. పదహారు నిమిషాలు. అంకె కదల్లేదు.

ఆస్పత్రికి చేరేసరికి పాప వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షకి పంపారు. చేతికి సూది, తలకి టోపీ, మంచంలో గుప్పెడంత పిల్ల. భాను నడుము వంచి, తలని దాని తల పక్కనే ఆనించి, చూపుడువేలు దాని పిడికిట్లో పెట్టి అలాగే ఉన్నాడు. డాక్టరమ్మ వచ్చి ప్రశ్నలడిగింది. ఎప్పుడెప్పుడు పాలు తాగింది, ఎంతసేపు తాగింది, ఎన్నిసార్లు తడిపింది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏడుపులో తేడా ఉందా. రష్మి భాను వైపు చూసింది. తల ఎత్తకుండా భాను ఒక్కొక్కటీ చెప్పాడు. నిన్న రాత్రి ఇంత, తెల్లవారి ఇంత, ఎనిమిదింటికి సగమే తాగి వదిలేసింది, పొద్దున్నుంచి ఒక్కసారే తడిపింది, ఏడుపు సన్నబడింది. ఒక్కదానికీ తడుముకోలేదు.

డాక్టరమ్మ నావైపు తిరిగి, "గ్రాండ్‌మా, మీరేమైనా గమనించారా?" అని అడిగింది. భాను తెలుగులో నాకు చెప్పాడు. నాకు అంతకుముందే అర్థమైంది. ఆ పొద్దున పాపకి నీళ్ళు పోసింది నేనే. ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు. నా మనసంతా గరాజ్‌లో ఉంది.

"లేదు" అన్నాను.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఐదు రోజులు ఉంచుకున్నారు. వెంటనే తీసుకొచ్చారు కాబట్టి సరిపోయింది, సాయంత్రం దాకా చూస్తూ కూర్చుంటే రక్తంలోకి పాకేదన్నారు. ఆ ఐదు రోజులూ నేను అన్నం వండి డబ్బాలకి సర్దేదాన్ని, ఉమాకాంత్ తీసుకెళ్ళి ఇచ్చేవాడు. ఒకసారి నేనూ వెళ్ళాను. భాను గడ్డం మాసి, కుర్చీలో కూర్చున్నవాడు లేచి నాకు కుర్చీ ఇచ్చాడు. "మీరు తిన్నారా అత్తయ్యగారూ?" అన్నాడు. అంతే. ఒక్క దెప్పు మాట అన్నా బావుండేది. నేను అతని స్థానంలో ఉంటే అనేదాన్ని. ఒకటి కాదు, పది.

పాప ఇంటికొచ్చిన వారానికి గరాజ్‌లో బల్ల ఖాళీ చేశాడు. సామానంతా ఉమాకాంత్‌కి ఇచ్చేశాడు. నేను బిగించిన నట్లు ఒక పట్టాన ఊడిరాలేదు. "ఎంత గట్టిగా బిగించారు అత్తయ్యగారూ!" అని నవ్వాడు. నేను పట్టుకుంటానంటే వద్దన్నాడు, నా కాలిమీద బొబ్బ ఇంకా ఆరలేదని. ఆ రోజు తీసిన తియ్యనీళ్ళని ఉమాకాంత్ వాళ్ళింట్లో పులియబెట్టి సీసాలకి పట్టాడు. చాలా బాగా కుదిరిందట, తాగినవాళ్ళంతా మెచ్చుకున్నారట. ఎందుకు కుదరదు?

ఆగస్టు మూడోవారం. ఎక్కడో అడవులు తగలబడి ఆకాశం బూడిదరంగులో ఉంది. కిటికీలన్నీ మూసేశాం. నేను వంటింట్లో గోంగూర ఒలుస్తున్నాను. రష్మి వచ్చి ఎదురుగా కూర్చుని తనూ ఓ కట్ట అందుకుంది.

"అమ్మా, నీ టికెట్ ముందుకి జరిపాను. ఇరవై ఎనిమిదికి."

నేను నవంబరు దాకా ఉండాలి. "అదేమిటే? నువ్వు సెప్టెంబర్లో ఆఫీసుకి వెళ్ళాలి కదా. పాపని ఎవరు చూస్తారు?"

"భాను సెలవు పొడిగించుకున్నాడు. తను చూసుకుంటాడు."

"నేనుండగా అతనెందుకే?"

రష్మి ఆకులు తుంచుతూనే ఉంది. దాని గొంతులో కోపం ఉందేమోనని వెతికాను. లేదు.

"నాకు ఆటలమ్మ పోసినప్పుడు కూడా నువ్వు షిఫ్టు దిగాకే వచ్చావు కదమ్మా. నాన్న చెప్పేవారు. ఏడ్చి ఏడ్చి పడుకున్నానట." చిన్నగా నవ్వింది. "నాకు కోపమేం లేదు. నువ్వంతేనని నాకు చిన్నప్పుడే తెలుసు."

"మిషను మధ్యలో వదిలేసి రావడానికి లేదు అప్పట్లో" అన్నాను. నిజంగానే లేదు. ఆ రోజు ఇంకో ఆపరేటర్ ఉన్నాడు గానీ, వాడి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు.

"తెలుసమ్మా. నీ సంగతి నాకు తెలుసు. భాను సంగతే తెలియదు." తుంచిన ఆకులు గిన్నెలోకి తోసింది. "ఆరేళ్ళ నుంచీ ప్రతి ఆదివారం నువ్వు చెప్తూనే ఉన్నావు. ఏ పనీ పూర్తిచెయ్యడు, మెతకమనిషి, రేపు ఏదైనా కష్టమొస్తే నిలబడడు అని. నిజమేనేమో అని నేనూ అలాగే చూస్తూ వచ్చాను తనని."

నా చేతిలో కాడ ఉంది. దాన్ని ఆకుల్లో వెయ్యాలో చెత్తలో వెయ్యాలో ఒక నిమిషం తోచలేదు.

పైగదిలో పాప లేచి ఏడ్చింది. నేను బల్లమీద చెయ్యి ఆనించి లేవబోయాను.

"నువ్వు కూర్చోమ్మా" అంది రష్మి, తలెత్తకుండా. "తను వెళ్తాడు."

మెట్లమీద అప్పటికే పరుగు వినబడుతోంది.